షుగర్ కాలికి రక్తం అందకపోతే: మందులా, బెలూనా, బైపాసా, తీసేయడమా?

ఇంట్లో పెద్దాయనకు షుగర్, బొటనవేలి మీద పుండు, నెల దాటినా మానట్లేదు. ఒక డాక్టర్ వేలు తీసేద్దాం అంటారు, ఇంకొకాయన హైదరాబాద్ పోయి స్టెంట్ వేయించుకోండి అంటారు, ఈలోగా పక్కింటావిడ ఫలానా ఊళ్లో పసరు కడతారు, మా బావకు పది రోజుల్లో తగ్గింది అంటుంది. హన్మకొండ నుంచి జగిత్యాల దాకా ఏ వీధిలో అడిగినా ఇలాంటి ఇల్లు ఒకటి దొరుకుతుంది. అలా నాలుగు మాటల మధ్య ఇరుక్కుపోయిన వాళ్ల కోసం ఇది.

అసలు విషయానికి ముందు ఒక మినహాయింపు. చలిజ్వరం, పాదం వాచి ఎర్రదనం పైకి పాకడం, చీము, కుళ్లు వాసన, తడితడిగా నల్లబడడం, వీటిలో ఏది ఉన్నా ఇక్కడ చదవడం ఆపేసి ఈ రాత్రే వరంగల్ ఎంజీఎం ఎమర్జెన్సీకో, దగ్గర్లో సర్జన్ ఉన్న ఏ ఆస్పత్రికో వెళ్లండి. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, కదపలేకపోతే ఇంకా తొందర, అక్కడ లెక్క గంటల్లోనే ఉంటుంది. మిగతా వాళ్లకు ఆలోచించుకోవడానికి కొన్ని రోజుల టైం ఉంటుంది, వారాల టైం మాత్రం ఉండదు.

## ముందు తెలుసుకోవాల్సినవి

చాలామంది నేరుగా "ఏ ఆపరేషన్ మంచిది" దగ్గర మొదలుపెడతారు. నన్నడిగితే అది రెండో ప్రశ్న. వేళ్ల దాకా రక్తం ఎంత వస్తోంది అన్నది మొదటిది, దానికి జవాబు ఒక అంకెగా కాగితం మీద ఉండాలి. ఆ అంకె లేకుండా వారాల తరబడి డ్రెస్సింగ్ చేయించుకున్నా దండగే, వేలు తీయడానికి ఒప్పుకున్నా ప్రమాదమే.

పరీక్ష పెద్ద కష్టమేం కాదు. చీలమండ దగ్గర కొంచెం జెల్ రాసి, రక్తం పారే శబ్దం వినిపించే పెన్ను సైజు డాప్లర్ ఆనిస్తారు. రక్తం బాగా పారుతుంటే ఒక్కో దెబ్బ రెండు మూడు ముక్కలుగా తెగి గట్టిగా వినిపిస్తుంది, పైన ఎక్కడో బ్లాక్ ఉంటే సుయ్‌మని ఒకటే సాగిన శబ్దం, అదీ నీరసంగా. తర్వాత చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తారు, దాన్నే ఏబీఐ అంటారు. చేతిలో 140, కాలిలో 70 ఉంటే 0.5 అన్నమాట. 0.9 కంటే తక్కువైతే రక్తనాళాల్లో అడ్డు ఉన్నట్టే, 0.5 కంటే తక్కువైతే గట్టి అడ్డు.

ఇక్కడ షుగర్ వాళ్లకు ఒక మెలిక ఉంది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్ల నాళాల గోడల్లో కాల్షియం పేరుకుని గట్టిపడతాయి, బీపీ పట్టీ ఎంత బిగించినా నొక్కుకుపోవు. దాంతో ఏబీఐ 1.1 అనో 1.4 అనో వస్తుంది, "రక్తం బాగానే ఉంది" అని ఇంటికి పంపేస్తారు. అందుకే షుగర్ పుండుకు కాలివేలి ప్రెషర్ కొలవమని అడగాలి, ఎందుకంటే వేలి నాళాలు అంతగా గట్టిపడవు. అది 30 కంటే తక్కువ వచ్చిందంటే ఆ పుండు తనంతట తాను మానే అవకాశం బాగా తక్కువ, వెంటనే నాళాల స్కాన్‌కు (డాప్లర్ స్కాన్, సీటీ యాంజియో లాంటివి) వెళ్లాల్సిందే. అంకెలు మరీ అంత చెడ్డగా లేకపోయినా, సరిగ్గా చూసుకుంటున్నా కూడా నాలుగు నుంచి ఆరు వారాల్లో పుండు మానే దారి పట్టకపోతే అప్పుడూ స్కాన్ చేయించాలి.

నొప్పి లేదు కాబట్టి పర్లేదు అనుకోవద్దు. షుగర్ నరాలను కూడా మొద్దుబారుస్తుంది కదా, రక్తం అందకపోతే రావాల్సిన నొప్పి చాలామందికి రానే రాదు. వచ్చేవాళ్లకు రాత్రి పూట వస్తుంది. మా పెద్దబాపు రాత్రుళ్లు మంచం అంచున కూర్చుని కాలు కిందికి వేలాడేసుకునేవాడు. "కిందికి ఏస్తేనే జర పానం నిమ్మళంగుంటది బిడ్డా" అనేవాడు. వేలాడేసినప్పుడు పాదం ఎర్రగా కందిపోయినట్టు ఉండేది, పడుకోబెట్టి దిండు మీద పెడితే కాసేపట్లో తెల్లగా పాలిపోయేది. ఎరుపు చూసి రక్తం బాగానే వస్తోందని ఇంట్లో అందరం సంబరపడ్డాం. నిజానికి ఆ రెండు రంగులూ కలిసి చెప్పేది, రక్తం తనకు తాను అక్కడి దాకా చేరలేకపోతోందని.

రక్తం ఎంతో తెలిశాక మిగతావి: పుండు ఎంత లోతు, ఎముక దాకా పోయిందా, ఇన్ఫెక్షన్ ఎంత. వాస్కులర్ సర్జన్లు గాయానికి, రక్తానికి, ఇన్ఫెక్షన్‌కు తలా 0 నుంచి 3 వరకు మార్కులు వేసి మూడూ కలిపి చూస్తారు, మీ ఫైల్లో అవి ఉన్నాయేమో చూసుకోండి. కిడ్నీ సంగతి తెలియడానికి క్రియాటినిన్, గుండె సంగతికి ఎకో. ఇవి కాక ఏ రిపోర్టులోనూ రాయనివి రెండున్నాయి: మనిషి ఇప్పుడు తన కాళ్ల మీద నడుస్తున్నాడా, ఇంట్లో రోజూ కట్టు మార్చేవాళ్లు ఎవరు.

## మందులు, డ్రెస్సింగ్ మాత్రమే

ఇది అందరికీ కావాలి, కానీ కొందరికే సరిపోతుంది. ఏ ఆపరేషన్ చేయించుకున్నా కింద ఇది ఉండాల్సిందే: రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ గానీ క్లోపిడోగ్రెల్ గానీ ఒకటి, కొలెస్ట్రాల్ రిపోర్టు బాగున్నా సరే స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర ఒకటి, షుగర్‌కు అవసరమైతే ఇన్సులిన్, బీడీ చుట్ట గుట్కా పూర్తిగా బంద్. బీడీ రోజుకు ఒకటే తాగుతున్నా అనేవాళ్లకు ఆ ఒకటి కూడా లెక్కలోకే వస్తుంది. సిలోస్టాజోల్ మాత్ర చాలా చీటీల్లో కనిపిస్తుంది. నడిస్తే పిక్క పట్టేసేవాళ్లకు కొంత పనిచేస్తుంది, నాళంలో బ్లాక్‌ను తెరవదు, గుండె ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. ఈ సంగతి మీరే గుర్తు చేయాల్సి రావచ్చు.

డ్రెస్సింగ్ ఖరీదైన జెల్లులు, పౌడర్లతో చేశారా మామూలు సెలైన్‌లో తడిపిన గాజ్ గుడ్డతో చేశారా అన్నదానికంటే, పుండు మీద బరువు పడకుండా చేశారా లేదా అన్నది ముఖ్యం. పుండు ఉన్న పాదంతోనే పొలానికో దుకాణానికో నడుస్తూ పైన ఎంత మందు రాసినా మానదు. ఎంసీఆర్ చెప్పులు (షుగర్ పాదాలకు వాడే మెత్తటి రబ్బరు చెప్పులు) గానీ, ముందు భాగం నేలకు ఆనని ప్రత్యేక చెప్పు గానీ రాయించుకోండి. వేడినీళ్లలో కాళ్లు పెట్టొద్దు, ఆనెకాయల మీద కార్న్ క్యాప్ అంటించొద్దు, బ్లేడుతో గీకొద్దు, పుండు మీద స్పిరిట్ పోయొద్దు. కాలు వాచిందని ఆర్‌ఎంపీ దగ్గర గట్టిగా క్రేప్ బ్యాండేజీ చుట్టించుకోవడం మరీ ప్రమాదం, వచ్చే ఆ కాస్త రక్తం కూడా ఆగిపోతుంది. పసరు కట్లది కూడా ఇదే కథ. పక్కింటావిడ బావకు తగ్గిందంటే బహుశా ఆయనకు రక్తం బాగానే వస్తుండొచ్చు, రక్తం బాగా వచ్చే పుండు ఏ కట్టుతోనైనా మానొచ్చు.

ఈ దారి ఎవరికి సరిపోతుంది అంటే, వేలి ప్రెషర్ మరీ పడిపోని వాళ్లకు, పుండు చిన్నగా పైపైనే ఉన్నవాళ్లకు, ఆపరేషన్ తట్టుకునే స్థితిలో లేనివాళ్లకు. గడువు మాత్రం ముందే పెట్టుకోండి. వారానికోసారి స్కేలు పక్కన పెట్టి పుండు ఫొటో తీస్తే తేడా మీకే కనపడుతుంది.

## బెలూన్, స్టెంట్

గజ్జల దగ్గర సూదితో నాళంలోకి సన్నటి తీగ పంపి, బ్లాక్ దగ్గర బెలూన్ ఉబ్బించి దారి చేస్తారు. పెద్ద కోత ఉండదు, చాలావరకు అక్కడి వరకే మత్తు, అన్నీ బాగుంటే ఒకటి రెండు రోజుల్లో ఇంటికి. తొడ భాగంలో అవసరమైతే స్టెంట్ పెడతారు, మోకాలి కింద నాళాలు సన్నవి కాబట్టి ఎక్కువగా బెలూన్‌తోనే సరిపెడతారు. షుగర్ వాళ్లకు బ్లాకులు ఎక్కువగా వచ్చేది ఆ మోకాలి కిందే.

లోపం ఏంటంటే తెరిచిన నాళం మళ్లీ మూసుకుపోతుంది, మోకాలి కింద అయితే ఏడాది లోపే మూసుకుపోవడం మామూలే. ఇది విని చాలామంది "మళ్లీ మూసుకుపోయేదానికి ఎందుకు" అని వెనక్కి తగ్గుతారు. కాలువ చివరి మడికి పంట చేతికొచ్చేదాకా నీళ్లు అందితే చాలు కదా, ఏడాది పొడవునా పారాల్సిన పనిలేదు. పుండు మానడానికి చాలా రక్తం కావాలి, మానిన చర్మం అలాగే ఉండడానికి అంత అక్కర్లేదు. ఆ మానే కొన్ని నెలలు దారి తెరిచి ఉంటే కాలు దక్కుతుంది. మళ్లీ మూసుకున్నా, అవసరం పడితే ఇంకోసారి చేయొచ్చు.

రెండో సమస్య కిడ్నీ. ఇందులో నాళాలు ఎక్స్‌రేలో కనపడడానికి ఎక్కించే డై అనే మందు కిడ్నీల మీద భారం. క్రియాటినిన్ ఎక్కువ ఉంటే ముందే చెప్పండి, డై తక్కువ వాడడం, కొన్నిచోట్ల కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో ఫొటో తీయడం లాంటి మార్గాలున్నాయి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపాలా వద్దా అన్నది కూడా కిడ్నీని బట్టే, సొంతంగా ఆపొద్దు, అడగండి.

## బైపాస్

బ్లాక్‌ను ముట్టుకోకుండా, పైన మంచి నాళం నుంచి కింద మంచి నాళం దాకా కొత్త దారి కుట్టేస్తారు. ఆ దారికి అన్నిటికంటే మంచి సరుకు మన కాలి లోపలి వైపు చీలమండ నుంచి తొడ దాకా పోయే మన సొంత సిరే. అది బాగుంటే బైపాస్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. లేకపోతే ప్లాస్టిక్ గొట్టం వాడాలి, మోకాలి కిందికి అది అంత నమ్మకమైంది కాదు.

ఆ సిర ఉందా లేదా అన్నది చాలామంది ఆలోచించరు. గుండె బైపాస్ అయినవాళ్లకు తరచూ దాన్నే తీసి వాడేసి ఉంటారు. వేరికోస్ వెయిన్స్ (కాళ్లలో ఉబ్బి మెలికలు తిరిగిన సిరలు) అని లేజర్ చేయించుకున్నవాళ్లకు అది కాలిపోయి ఉంటుంది. షుగర్ ఉండి, కాళ్లలో రక్తం తక్కువుండి, ఎవరైనా వేరికోస్ లేజర్ చేద్దాం అంటే ఒకటికి రెండుసార్లు అడగండి, అది రేపటి బైపాస్‌ను ఇవాళ పారేసుకోవడం కావచ్చు. సిర ఎంత లావు ఉందో అల్ట్రాసౌండ్‌తో కొలుస్తారు, ఆ రిపోర్టు లేకుండా బైపాస్ మాట కుదరదు.

భారం విషయానికొస్తే, కొన్ని గంటల ఆపరేషన్, వెన్నుకో మొత్తానికో మత్తు, గుండె తట్టుకోవాలి, ఆస్పత్రిలో వారం అటూ ఇటూ, పైగా ఆ పొడవాటి కోత కూడా షుగర్ ఒంట్లోనే మానాలి.

రెండింట్లో ఏది మేలు అని పెద్ద అధ్యయనాలే జరిగాయి, అవీ ఒక మాట మీద లేవు. 2022లో వచ్చిన బెస్ట్-సీఎల్ఐలో మంచి సిర ఉన్నవాళ్లలో కాలు పోవడం, మళ్లీ పెద్ద ఆపరేషన్ పడడం లేదా చనిపోవడం బైపాస్ వైపు 43 శాతం దగ్గర, బెలూన్ వైపు 57 శాతం దగ్గర. సిర సరిగా లేనివాళ్లలో పెద్ద తేడా రాలేదు. 2023లో వచ్చిన బేసిల్-2 మోకాలి కింది బ్లాకుల మీద చేసింది, అందులో కాలు పోవడం లేదా చనిపోవడం బైపాస్ వైపు 63 శాతం, బెలూన్ వైపు 53 శాతం. ఆ తేడాలో ఎక్కువ భాగం మరణాలదే. నాకు అర్థమైనంతలో, ఒళ్లు గట్టిగా ఉండి, మంచి సిర ఉండి, బ్లాక్ పొడుగ్గా ఉంటే బైపాస్ గురించి గట్టిగా అడగాలి, గుండె కిడ్నీ బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకు బెలూన్‌తో మొదలుపెట్టడం తెలివైన పని. ఈ శాతాలు చూస్తే ఇంకోటి కూడా అర్థమవుతుంది, ఇది చిన్న జబ్బు కాదు.

| | మందులు, డ్రెస్సింగ్ | బెలూన్, స్టెంట్ | బైపాస్ |
|---|---|---|---|
| కోత, మత్తు | లేదు | సూది రంధ్రం, అక్కడి వరకే మత్తు | పొడవాటి కోత, పెద్ద మత్తు |
| ఆస్పత్రిలో | అవసరాన్ని బట్టి | ఒకటి రెండు రోజులు, పుండును బట్టి ఎక్కువ | వారం అటూ ఇటూ |
| కిడ్నీ మీద | భారం లేదు | డై భారం | ముందు చేసే యాంజియోలో డై |
| గుండె బలహీనమైతే | నడుస్తుంది | చాలావరకు నడుస్తుంది | కష్టం |
| ఎన్నాళ్లు | బ్లాక్ అలాగే ఉంటుంది | నెలల నుంచి ఏళ్లు, మళ్లీ చేయొచ్చు | సొంత సిరతో ఏళ్లు |
| తప్పకుండా కావాల్సింది | వేళ్ల దాకా ఓ మోస్తరు రక్తం | తీగ దూరే దారి | మంచి సిర, కింద మంచి నాళం |

## తీసేయడం

తీసేయడం అంటే ఓడిపోవడం అని ఇంట్లో ఏడుపులు. ఒక్కోసారి అదే ప్రాణం కాపాడుతుంది. గొడవంతా ఎప్పుడు, ఎక్కడి వరకు అన్న దగ్గరే.

చీము, ఇన్ఫెక్షన్ లోపలికి పాకితే రక్తం సంగతి తర్వాత, ముందు కోసి శుభ్రం చేయాలి, అందులో వాదన లేదు. కానీ వేలు పొడిగా నల్లబడి, గట్టిపడి, వాసన లేకుండా, జ్వరం లేకుండా ఉంటే తొందరపడి కోయించుకోవద్దు. రక్తం రాని చోట కోస్తే ఆ కోత కూడా మానదు. వేలు పోతుంది, తర్వాత పాదం ముందు భాగం, తర్వాత మోకాలి కింద, ఇలా మెట్లు మెట్లుగా పోయిన కాళ్లు మన చుట్టూ చాలానే ఉన్నాయి. ముందు రక్తం తెప్పించి, తర్వాత ఎంత పోయిందో అంతే తీస్తే చాలాసార్లు వేలితో ఆగుతుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "సార్, ఇక్కడ కోస్తే మానేంత రక్తం ఉందా, దేన్ని చూసి చెబుతున్నారు?"

కాలే తీయాల్సి వస్తే మోకాలు దక్కితే చాలా తేడా. మోకాలు ఉన్నవాళ్లు జైపూర్ కాలు గానీ ఇంకో కృత్రిమ కాలు గానీ పెట్టుకుని నడవడం చాలా తేలిక, మోకాలి పైన తీస్తే ఒక్కో అడుగుకూ ఎంతో బలం ఖర్చవుతుంది. మంచానికే పరిమితమై, మోకాలు ముడుచుకుపోయిన ముసలివాళ్లకు మాత్రం పైన తీయడమే మేలు కావచ్చు, గాయం బాగా మానుతుంది, మళ్లీ మళ్లీ థియేటర్‌కు తిప్పాల్సిన అవసరం ఉండదు. అలాంటి మనిషికి నాలుగుసార్లు బెలూన్ వేయించి కాలు నిలబెట్టడం ఆయన కోసమా మన తృప్తి కోసమా అని ఇంట్లో వాళ్లు కూర్చుని మాట్లాడుకోవాలి. తీసేశాక వికలాంగుల సర్టిఫికెట్ (ఇదివరకు సదరం, ఇప్పుడు యూడీఐడీ కార్డు) కోసం స్లాట్ పెట్టుకోండి, పింఛన్‌కూ మిగతా వాటికీ అదే ఆధారం.

## ప్రకటనల్లో కనిపించేవి

హైపర్‌బేరిక్ ఆక్సిజన్ అంటే గదిలో ఒత్తిడి పెంచి ఆక్సిజన్ ఇవ్వడం. మిగతా అన్నీ సరిగ్గా చేశాక కూడా మానని పుండుకు తోడుగా వాడొచ్చని అంతర్జాతీయ సూచనలు ఉన్నాయి, అంతవరకే. అది బ్లాక్‌ను తెరవదు, వారాల తరబడి రోజూ తిరగాలి. స్టెమ్ సెల్స్ ఇంకా మామూలు వైద్యంగా ఒప్పుకున్నది కాదు. "కోత లేకుండా సెలైన్లతో బ్లాకులు కరిగిస్తాం" అనే చిలేషన్ (నరంలోకి మందు ఎక్కించే పద్ధతి) క్లినిక్కులకు పెట్టే డబ్బుతో హాయిగా సీటీ యాంజియో చేయించుకోవచ్చు.

## వరంగల్‌లోనా, హైదరాబాద్‌లోనా

డ్రెస్సింగ్, షుగర్ కంట్రోల్, చీము తీయడం, డాప్లర్ వరకు వరంగల్‌లో హాయిగా అవుతుంది, వాటి కోసం హైదరాబాద్ తిరగడం ఒంటికీ జేబుకూ చేటు. బెలూన్, బైపాస్ దగ్గర లెక్క మారుతుంది. చేసేవాళ్లు వాస్కులర్ సర్జన్ కావచ్చు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ కావచ్చు, కొన్నిచోట్ల గుండె డాక్టర్లు కూడా చేస్తారు. బెలూన్ ఒక్కటే చేసే చోట బెలూనే చెబుతారు, కోయడం ఒక్కటే చేసే చోట కోయమనే చెబుతారు, ఇందులో దురుద్దేశం ఉండక్కర్లేదు. అందుకే రెండూ చేసే వాస్కులర్ సర్జన్‌ను ఒక్కసారైనా చూపించుకోవాలి. కేఎంసీ (కాకతీయ మెడికల్ కాలేజీ) ఆవరణలోని సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో, ప్రైవేటులో ఎవరున్నారో ముందు ఇక్కడే కనుక్కోండి. దొరక్కపోతే పంజాగుట్ట నిమ్స్‌లో వాస్కులర్ సర్జరీ విభాగం ఉంది. కాజీపేటలో పొద్దున బండి ఎక్కితే ఓపీ టైంకు చేరొచ్చు. కాలు వేలాడేసి కూర్చునే మనిషిని బస్సులో తీసుకుపోతే దారి పొడవునా ఇబ్బందే, రైలే నయం.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు చేశారు. కానీ ఏ చికిత్స, ఏ ఆస్పత్రిలో, స్టెంట్ కూడా కలిపేనా అన్నది అడ్మిట్ అవ్వకముందే ఆరోగ్యమిత్రను అడగాలి, 104కు ఫోన్ చేసినా చెబుతారు. ముందస్తు అనుమతి వచ్చాకే ఆపరేషన్ అన్నది మర్చిపోకండి, ఆ ఒకటి రెండు రోజులు కూడా మీ లెక్కలో ఉండాలి.

వెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ, క్రియాటినిన్, ఎకో, పుండు ఫొటోలు తేదీల వారీగా, సీటీ యాంజియో అయితే సీడీతో సహా పట్టుకెళ్లండి. చాలామంది రిపోర్టు కాగితం తెచ్చి సీడీ ఇంట్లో మర్చిపోతారు, సర్జన్‌కు కావాల్సింది ఆ బొమ్మలే.

## అయిపోయాక

బెలూన్ అయినా బైపాస్ అయినా రక్తం పలచబరిచే మందు జీవితాంతం. కొందరికి ఆస్పిరిన్‌తో పాటు రివరాక్సబాన్ 2.5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు ఇస్తారు, దాంతో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది కాబట్టి నల్లటి విరేచనం అయినా, పళ్లు పీకించుకోవాల్సి వచ్చినా డాక్టర్‌కు చెప్పాలి. పల్లెల్లో ఎక్కువగా జరిగేది, పుండు మానగానే మాత్రలు మానేయడం. మూడో నెలలో, ఆరో నెలలో డాప్లర్ చేయించుకుంటే మళ్లీ సన్నబడుతోందని పుండు రాకముందే తెలుస్తుంది.

రెండో కాలు కూడా అదే ఒంట్లో ఉంది, దాని ప్రెషర్ కూడా అదే రోజు కొలిపించండి. వరి నాట్లకు బురదలోకి, పత్తి చేలోకి ఉత్త కాళ్లతో దిగడం ఆపాలి. జాతరకు మొక్కు ఉంటే చెప్పులతో వెళ్లండి, అమ్మవార్లు ఏమీ అనుకోరు. రోజూ పడుకునే ముందు ఇంట్లో చూపు బాగున్న ఎవరైనా వేళ్ల సందులు, మడమ చూడాలి, కొత్తగా బొబ్బ గానీ నల్ల మచ్చ గానీ కనిపిస్తే మర్నాడే చూపించాలి.